పెరటి చుట్టాలు

ఒహాయోలో మా ఇంటి వెనక ఒక గింజల డబ్బా వేలాడుతుంటుంది. అందులో పొద్దుతిరుగుడు గింజలు పోస్తాం. తెల్లవారగానే అందరికన్నా ముందు, చీకటి పడేటప్పుడు అందరికన్నా ఆఖరున వచ్చేది కార్డినల్ జంట. మగది ఎర్రగా, ముక్కు చుట్టూ నల్లటి ముసుగుతో ఉంటుంది. ఆడది లేత గోధుమ రంగు. పోయిన చలికాలం గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని చూసి, "ఒరేయ్, మన పిగిలిపిట్టకు మల్లే జుట్టుందిరా!" అంది.

చలికి గడప దాటలేని అమ్మకీ, ఎనిమిదేళ్ళ మా పాపకీ ఆ కిటికీయే సినిమా హాలయింది. ఇవి వలస పోవనీ, ఆడపిట్ట కూడా పాడుతుందనీ, ఒహాయోతో కలిపి 7 రాష్ట్రాలకి ఇదే రాష్ట్రపక్షి అనీ పాప పాఠం చెప్పింది. చిన్నప్పుడు పిచ్చుకల కోసం చూరుకి వరికంకుల కుచ్చులు కట్టిన సంగతి నాన్నమ్మ చెప్పింది.

జనవరిలో ఒకనాడు పిట్టలన్నీ ఎగిరిపోయినా ఒక హౌస్ ఫించ్ మాత్రం కదల్లేదు. కన్ను వాచి, పుసి కట్టి మూసుకుపోయింది. 1994లో అమెరికా తూర్పు ప్రాంతంలో ఈ పిట్టల్లో బయటపడ్డ అంటు కళ్ళజబ్బు అది. పిట్టలు గుమిగూడే డబ్బాల దగ్గర తేలిగ్గా అంటుకుంటుంది. గింజలు పోసి పుణ్యం చేస్తున్నాననుకున్న నాకు, ఆ డబ్బా కడిగి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

డబ్బా దించుతుంటే పాప ఏడుపు. "కార్డినల్స్ ఆకలితో చచ్చిపోతాయి నాన్నా!"

నేను తడబడుతుంటే అమ్మే అంది: "చుట్టాలకి ఎంగిలి కంచంలో పెడతామా తల్లీ? కడిగి పెడదాం."

ఒక వంతు బ్లీచికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి నేనే రుద్ది కడిగాను. మంచినీళ్ళతో తొలిచి బాగా ఆరబెట్టాను. కింద పడ్డ పొట్టంతా ఊడ్చేశాను. పిట్టలు మన గింజల మీదే బతకవు, పొదల్లో కాయలూ విత్తులూ వెతుక్కుంటాయి. అయినా ఆ రెండు వారాలూ ఖాళీ కొక్కెం చూస్తే మాకే దిగులు.

మళ్ళీ కట్టిన మర్నాడు మంచులో మగ కార్డినల్ వచ్చింది, వెనకే ఆడది. ఆ ఫించ్ మాత్రం మళ్ళీ కనపడలేదు. పాప ఇప్పటికీ దాని గురించి అడుగుతుంది.

మార్చిలో అమ్మ బయల్దేరే ముందు రోజు, మగ కార్డినల్ గింజ ఒలిచి ఆడదాని నోటికి అందించింది. "చూసి నేర్చుకోరా" అంది అమ్మ, మా ఆవిడ వైపు చూసి నవ్వుతూ.

పిల్లలూ, మీ పెరట్లోనూ గింజల డబ్బా ఉంటే రెండు వారాలకొకసారి కడగమని అమ్మానాన్నలకి గుర్తుచెయ్యండి. మా ఇంట్లో ఆ పని పాపది. గుంటూరు నుంచి ఫోను రాగానే దానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా అదే: "చుట్టాల కంచం కడిగించావా తల్లీ?"