మంచు లేని ఊరికి వాలు ఎందుకు?

మంచు కురవని ఊరివాడికి స్కీయింగ్ ఎందుకన్న మాటను మావాళ్ళలో చదువుకున్నవారు సైతం గొప్ప లోకజ్ఞానంగా పలుకుతారు. "రోళ్ళు పగిలే ఎండల్లో, పెద్దవూరలో, మంచు మీది ఆట నేర్పుతావా నాయనా?" అని నన్ను వెక్కిరించిన పెద్దమనిషి ఒకరున్నారు. వారి మీద నాకు గౌరవమున్నది. వారి వాదం మీద లేదు.

స్కీయింగ్‌కు ప్రాణం మంచు కాదు, వాలు. ఒంటి బరువును ఒక కాలి నుండి మరొక కాలికి మార్చడం, పలక అంచును నేలకు ఆనించి మలుపు తిరగడం, అన్నిటికంటే ముఖ్యంగా ఆగడం - విద్యంతా ఇందులోనే ఉన్నది. బ్రిటన్‌లో 1960ల నుండి దీనిని ప్లాస్టిక్ వాలుల మీద నేర్పుతున్నారు. గుట్ట వాలుపై బ్రష్షు కుచ్చుల వంటి గట్టి చాపలు పరుస్తారు. రాపిడి తగ్గడానికి నీళ్ళు చిలకరిస్తారు. మంచు కంటే ఇది కఠినమైన గురువు. పడితే చర్మం గీరుకుపోతుంది. చాప సందుల్లో బొటనవ్రేలు ఇరుక్కుంటుంది. అందుకే ఎండ కాస్తున్నా చేతి తొడుగులు వేసుకోవాలి. ఇంగ్లండులో చర్చిల్ అనే చోట ఇటువంటి వాలు మీద స్నోబోర్డు మొదలుపెట్టిన జెన్నీ జోన్స్ 2014లో సోచి ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. మంచు మీది పోటీల్లో బ్రిటన్‌కు దక్కి నిలిచిన తొలి పతకం అది.

"అయినా కృత్రిమం కృత్రిమమే కదా" అంటారు. 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ స్కీ పోటీలు జరిగినది దాదాపు పూర్తిగా యంత్రాలు చేసిన మంచు మీదనే. అసలు మంచు కాదని ఎవరి పతకమూ వెనక్కి పుచ్చుకోలేదే!

ఇందులో నాకు నచ్చని సంగతి ఇంకొకటున్నది. హైదరాబాదులో 2004లో స్నో వరల్డ్ తెరిచినప్పుడు మనవాళ్ళు టికెట్టు కొని, కోట్లు తొడుక్కుని, మంచుముద్దలు విసురుకుని మురిసిపోయారు. 2005లో దుబాయిలో ఒక మాల్ లోపల నాలుగు వందల మీటర్ల మంచు వాలు కట్టారు. ఎడారి నడుమ మంచును నిలపడానికి చలియంత్రాలు రేయింబవళ్ళు తిరగాలి. దానిని ఆడంబరమంటే నేను కాదనను. ప్లాస్టిక్ చాపకు చలియంత్రమే అక్కరలేదు. రెండింటినీ ఒకే గాటన కట్టి, వినోదమైతే సరే, విద్యయితే దండగ అనడం ఏ న్యాయం?

ఇక బలమైన అభ్యంతరం. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిన నల్లగొండ జిల్లాలో ముందు నీళ్ళు, ఆనక ఆటలు అంటారు. నీళ్ళు ముందే, సందేహం లేదు. కానీ ఈ "ఆనక" బీదవాడి పిల్లలకే ఎందుకు వస్తుంది? నిజామాబాదు జిల్లా పాకాలలో కూలినాలి చేసుకునే ఇంటి బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ - ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే - 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగు నిండలేదు. తొలి పాఠం ఎక్కడ? అప్పటికి మా జిల్లాలోనే ఉన్న భువనగిరి గుట్ట మీద. ఆ బండ మీద మంచు ఉన్నదా? పట్టు చిక్కిన తరువాతే హిమాలయాలకు తీసుకువెళ్ళారు.

గుల్మార్గుకు పోయి నేర్చుకోవచ్చు గదా అనేవారికి ఒక లెక్క. అంత దూరం ఖర్చు పెట్టుకుని పోయినవాడికి మొదటి రోజులు నిలబడడానికీ పడడానికీ చెల్లిపోతాయి. ఆ పడడమేదో ఇంటి దగ్గర పడి పోతే, అక్కడి ప్రతి పూటా పనికి వస్తుంది.

నేను అడుగుతున్నది నలభై మీటర్ల వాలు. సాగర్ దారిలో గుట్టలకు కొదవ లేదు. మే నెలలో ఆ చాప మీద కాలు మోపలేమన్నది నిజమే, అప్పుడు మూసివేయండి. కార్తీకం నుండి మాఘం దాకా ఉదయాలు చాలు. చిలకరించిన నీటిని క్రింద తొట్టిలో పట్టి మళ్ళీ పైకి తోడవచ్చు. ఆపాటి నీటికి ఎడమ కాలువ ఎండిపోదు.