నాసిక్‌లో వైన్ టూర్లు సరే.. చంద్రగిరిలో మామిడి వైన్ సాధ్యమేనా?

వైనరీకి వెళ్లి, తోట చూసి, నాలుగు రకాలు రుచి చూడటం.. నాసిక్‌లో ఇది పాత ముచ్చటే. సులా అక్కడ 2005లోనే టేస్టింగ్ రూమ్ తెరిచింది. బెంగళూరు దగ్గర నంది హిల్స్‌లో గ్రోవర్ వైనరీకీ టూరిస్టులు వెళ్తున్నారు.

మరి చంద్రగిరి కోటకు వచ్చేవాళ్లకు మన తోతాపురి వైన్? ఐడియా బాగుంది. 2025లో ధర పడిపోతే కిలోకు ఫ్యాక్టరీలు 8, సర్కారు 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది మరి!

కానీ చిన్న వైనరీ కొనే కాయ ఎంత? చిత్తూరు వైపు పండేది లక్షల టన్నులు. పైగా తిరుమల పక్కనే మద్యం టూరిజం అంటే ఊరుకుంటారా? వైన్ సంగతి తర్వాత.. ముందు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్ల క్యూ తగ్గాలి.