చెట్టూ చేమా: బీచ్ చెట్ల కింద ఏముంది?

బీచ్ అనగానే మన పిల్లలు ఈత దుస్తులు సర్దుకుంటారు. ఈ నెల మనం వెళ్తున్నది సముద్రపు ఒడ్డుకు కాదు, బీచ్ అనే చెట్ల దగ్గరికి. నున్నని బూడిదరంగు బెరడు, రంపపు అంచుల ఆకులు, ఎలుగుబంట్లు ఇష్టంగా తినే కాయలు ఈ చెట్టుకు గుర్తులు.

టెన్నెసీ, నార్త్ కరోలినాల సరిహద్దున గ్రేట్ స్మోకీ పర్వతాలున్నాయి. అక్కడ సుమారు 4,500 అడుగులకు పైన, శిఖరాల నడుమ కనుమల్లో, గాలికి గిడసబారిన బీచ్ తోపులు కనిపిస్తాయి. కారులోంచి చూస్తే అంతా ఒకే అడవి. దిగి నేలవైపు చూడండి. దక్షిణపు వాలున చెట్ల కింద తుంగజాతి గడ్డి పరచుకొని ఉంటుంది. ఉత్తరపు వాలున తేమ ఎక్కువ గనుక చిన్న చిన్న పూలమొక్కలుంటాయి. పైన చెట్టు ఒకటే, కింద సంసారాలు రెండు. మరి వీటిని ఒక అడవి అనాలా, రెండనాలా?

ఐరోపాలో బ్రౌన్-బ్లాంకే అనే స్విస్ శాస్త్రజ్ఞుడు దీనికొక పద్ధతి ఏర్పరిచాడు. కొంత నేల ఎంచుకొని, అందులోని ప్రతి మొక్కనూ రాసి, ఏది ఎంత ఉందో అంకె వేసి, అలాంటి పట్టికలను పోల్చి అడవికి పేరు పెట్టాలి. ఆ లెక్కన సున్నపు నేలమీది బీచ్ అడవి వేరు, ఆమ్లపు నేలమీదిది వేరు.

1947లో స్మోకీ పర్వతాలు గాలించిన రాబర్ట్ విట్టేకర్ మరో మాట చెప్పాడు. జీవరాశిని ఐదు రాజ్యాలుగా విభజించిన విట్టేకర్ ఈయనే. ఎత్తునూ తేమనూ బట్టి ప్రతి జాతీ తన హద్దు తానే చూసుకుంటుందనీ, గుంపుగా కలిసి ఆగిపోవడం అరుదనీ 1956లో ప్రచురించాడు. అంటే అడవుల మధ్య మనం గీసే గీతలు చాలావరకు మన సౌకర్యం కోసమే. బీచ్ కనుమల అంచులు మాత్రం కాస్త స్పష్టంగానే తెగి కనిపిస్తాయి.

ఈ చర్చ పండితులకే పరిమితం కాదు. 1890 ప్రాంతంలో ఐరోపా నుంచి కెనడాలోని హాలిఫాక్స్‌కు ఒక పొలుసు పురుగు చేరింది. అది బెరడును తొలిస్తే, ఆ గాయాల్లో శిలీంధ్రం చేరి చెట్టును చంపుతుంది. ఆ తెగులు స్మోకీలకూ వచ్చి, ఎత్తైన కనుమల్లో పెద్ద చెట్లెన్నింటినో పొట్టన పెట్టుకుంది. అడవిపందులు కింది మొక్కలను పెళ్ళగిస్తున్నాయి. న్యూఫౌండ్ గ్యాప్ సమీపంలో ఒక తోపుకు కంచె వేసింది అందుకే. పైచెట్టు పోతే కింది పూలు నిలుస్తాయా? పాత పట్టికలు ఉన్నాయి గనుకనే పోల్చి చూడగలం.

సెలవుల్లో అటు వెళ్ళేవారికి రెండు మనవులు. ఆ నున్నని బెరడుమీద పేర్లు చెక్కకండి. ఇంటినుంచి వంటచెరకు తీసుకెళ్ళకండి, కట్టెలతోపాటు పురుగులూ ప్రయాణం చేస్తాయి. వేడిచేసి ధ్రువీకరించిన కట్టెలనే పార్కులోకి అనుమతిస్తారు.