ముందు టీచరు ఊపిరి తీసుకోవాలి

సూరత్ జిల్లా ఓల్పాడ్ తాలూకాలో, రైలు మార్గం మీదున్న ఊరు కిమ్. అలాంటి గుజరాత్ ఊళ్ల ప్రాథమిక బడుల్లో రోజు ప్రార్థన సభతోనే మొదలవుతుంది. దానికి ఐదు నిమిషాల ధ్యానం జోడించడం కష్టమేమీ కాదు. ఢిల్లీ ప్రభుత్వం 2018లోనే తన బడుల్లో హ్యాపీనెస్ తరగతులు పెట్టి, వాటిలో ధ్యానానికి చోటిచ్చింది. అందరూ దీన్ని పిల్లల కోసమనే తలుస్తారు. నా మాట వేరు: ధ్యానం ముందు టీచర్లకు అందాలి, పిల్లలకు వాళ్ల ద్వారానే చేరాలి.

ఇందుకు ఆధారం బ్రిటన్‌లో దొరుకుతుంది. అక్కడ 85 బడుల్లో, 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న మిరియడ్ పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు పాఠాలతో పోలిస్తే, ధ్యాన శిక్షణ పిల్లల మానసిక ఆరోగ్యాన్ని ఏమంత మెరుగుపరచలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనేలేదు. టీచర్లలో మాత్రం అలసట, విసుగు కొంత తగ్గాయి, బడి వాతావరణమూ కాస్త బాగుపడింది. ఏడాది గడిచేసరికి ఆ మేలులో చాలాభాగం కరిగిపోయిందన్నదీ దాచకూడని సంగతే. ఆ పరిశోధనలోని పిల్లలు మన ఒకటో తరగతి పిల్లల కంటే పెద్దవాళ్లు, నిజమే. అయినా చిన్న పిల్లలు టీచరు గొంతును బట్టే ఆ రోజు ఎలా గడుస్తుందో పసిగడతారు. విసిగిపోయిన గొంతు “కళ్లు మూసుకోండి” అంటే, అది “నోటి మీద వేలు” లాగే వినిపిస్తుంది.

ధ్యానం పేరుతో మతం చొరబడుతుందన్న భయాన్ని కొట్టిపారేయలేం. ప్రభుత్వ ధనంతోనే నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. కాబట్టి మంత్రం, పటం, గురువు పేరు ఏవీ వద్దు. ఊపిరి రాకపోకల్ని గమనించడం చాలు. ఇష్టం లేని పిల్లవాడు కళ్లు తెరుచుకునే ఊరికే కూర్చోవచ్చు. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. మన నేత కుటుంబాల పిల్లలున్న ఆ నగరంలో, ఏ భాషా అక్కర్లేని సాధన ఇది.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది: టీచర్ల ఖాళీలు నింపకుండా ధ్యానంతో సర్దుకొమ్మంటారా? అలాగైతే నేనూ వద్దనే అంటాను. విద్యాహక్కు చట్టం చెప్పిన ముప్పై మందికి ఒక టీచరు లెక్క ముందు నిలబడాలి. శిక్షణ టీచర్ల ఇష్టం మీద, పని గంటల్లోనే జరగాలి. ఆ సమయాన్ని రిజిస్టర్లు నింపే పని నుంచి తీయాలి, పాఠం నుంచి కాదు.