నిలకడగా చెప్పే అబద్ధం

టీకామందుల పెట్టెలోని ఉష్ణమాపకం గంటగంటకూ 2 డిగ్రీలే చూపుతోంది. చూసేవారికి నిశ్చింత. కాని ఆ మాపకం 3 డిగ్రీలు హెచ్చుగా చూపే రకమైతే, లోపల ఉన్నది నిజానికి సున్నకు 1 డిగ్రీ తక్కువ! హెపటైటిస్-బి టీకామందు ఒకసారి గడ్డకట్టిందా, దాని శక్తి పోయినట్లే.

కొలతలో దోషాలు రెండు విధాలు. ఒకటి చంచలం: అంకెను క్షణక్షణం అటూ ఇటూ ఊపుతుంది. నూరు కొలతలు తీసి సగటు కడితే అది సుమారు పదోవంతుకు దిగుతుంది. రెండవది స్థిరం: ప్రతిసారీ ఒకే వైపుకు తప్పిస్తుంది. దీనిముందు వేయి కొలతల సగటైనా వ్యర్థమే.

ఈ స్థిరదోషం ఎక్కడ పుడుతుంది? సాధారణంగా వాడే ప్లాటినం సెన్సారుకు 0 డిగ్రీల వద్ద విద్యుత్ నిరోధం 100 ఓములు. డిగ్రీకి పెరిగేది సుమారు 0.39 ఓము మాత్రమే. దానికి కలిపిన తీగెల నిరోధమే 0.4 ఓము ఉంటే, అంకెలో ఒక డిగ్రీ అసత్యం చేరుతుంది. అందుకే ప్రయోగశాలల్లో నాలుగు తీగెలు వాడతారు: రెండు విద్యుత్తును మోస్తాయి, రెండు వోల్టేజిని కొలవడానికే.

సులభమైన పరీక్ష ఒకటున్నది. శుద్ధజలంతో చేసిన మంచును నలగగొట్టి, కొద్దిగా శుద్ధజలం కలిపి, థర్మాస్ ఫ్లాస్కులో నింపి సెన్సారును ముంచండి. కొంతసేపు ఆగండి. అక్కడ సత్యం సున్న. మాపకం ఎంత చూపితే అంతే దాని దోషం. ఆ దాపుల కొలతలన్నింటిలోనుంచి దానిని తీసివేయాలి.