ఉచిత శక్తి సర్క్యూట్లు: బిల్లు కట్టేదెవరు?

ఉచిత విద్యుత్ అనే మాట తెలుగు రైతుకు కొత్త కాదు. 2004 మే నెలలో అధికారం చేపట్టిన రోజునే నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ దస్త్రంపై సంతకం చేశారు. ఆ విద్యుత్తు రైతుకు ఉచితమే కానీ ఖర్చు లేనిది కాదు. దాని కోసం బొగ్గు కాలింది, జలాశయాల్లో నీరు తగ్గింది, సబ్సిడీ రూపంలో ఖజానా సొమ్ము కట్టింది. బిల్లు చేతులు మారిందే తప్ప మాయం కాలేదు.

అసలు బిల్లే లేని విద్యుత్తు ఉందని చెప్పేవారు వేరే ఉన్నారు. ఒక తీగచుట్ట, ఒక ట్రాన్సిస్టర్, ఒక బ్యాటరీ చాలునని, లోపలికి పంపిన శక్తి కంటే బయటకు వచ్చేదే ఎక్కువని వారి వాదన. ఆగకుండా తిరిగే చక్రాల కాలం నుంచీ ఈ ఆశ ఉంది. అలాంటి యంత్రాలను ఇక పరిశీలించబోమని ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ 1775లోనే తీర్మానించింది. ఇప్పుడు చక్రం స్థానంలో సర్క్యూట్ వచ్చింది. చక్రం ఆగిపోతే అందరికీ కనిపిస్తుంది. సర్క్యూట్ విషయంలో కనిపించేవి మీటరు మీది అంకెలే. ఆ అంకెలు తప్పయితే నిజాయతీపరుడైన పరిశోధకుడు కూడా తప్పుదారి పడతాడు. అందుకే ఇలాంటి వివాదాల్లో ఏం కొలిచారన్నదానికంటే ఎలా కొలిచారన్నదే కీలకం.

17 రెట్ల వేడి

దక్షిణాఫ్రికాలో 2002లో ఒక సాంకేతిక పత్రిక అలాంటి సర్క్యూట్ వివరాలను ప్రచురించింది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును ఒక ట్రాన్సిస్టర్ అతివేగంగా కలుపుతూ, తెంచుతూ ఉంటుంది. ఆ కరెంటు తీగచుట్టలా ఉన్న నిరోధకం గుండా పోయి దాన్ని వేడెక్కిస్తుంది. బ్యాటరీ ఇచ్చిన శక్తికి 17 రెట్లు వేడి రూపంలో వచ్చిందన్నది అందులోని వాదన. ఆ తర్వాత ఏళ్ల తరబడి పలువురు ఆ సర్క్యూట్‌ను తయారుచేసి పరీక్షించారు. వాదోపవాదాలు ప్రధానంగా కొలతల చుట్టూనే సాగాయి.

ఇందులోని కీలకమైన ప్రక్రియ ప్రతి ఇంట్లోనూ కనిపించినదే. పాత ట్యూబ్‌లైటులో స్టార్టర్ కరెంటును తెంచగానే చోక్‌లో ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజి పుట్టి, గొట్టం వెలుగుతుంది. తీగచుట్టలో ప్రవహించే కరెంటును హఠాత్తుగా ఆపితే ఇలాంటి తాకిడి పుడుతుంది. వోల్టేజి పెరిగినంత మాత్రాన శక్తి పెరిగినట్లు కాదు. చుట్ట అంతకుముందు బ్యాటరీ నుంచి తీసుకుని దాచుకున్నదే తిరిగి వస్తుంది.

మీటరు ఎక్కడ మోసపోతుంది?

ఒక ఉదాహరణ చూస్తే విషయం తేటపడుతుంది. 10 ఓమ్‌ల నిరోధకంపై 100 వోల్టుల తాకిడి కనిపించిందనుకుందాం. లెక్క ప్రకారం అది 1,000 వాట్లు. కానీ ఆ తాకిడి ఉండేది మొత్తం సమయంలో వెయ్యో వంతు మాత్రమే అయితే సగటున వచ్చేది 1 వాట్. శిఖరాన్ని కొలిచి సగటుగా చెప్పినవారికి వెయ్యి రెట్ల 'ఉచిత శక్తి' దొరికినట్లే అనిపిస్తుంది.

కరెంటును కొలిచే పద్ధతిలో మరో చిక్కు ఉంది. సాధారణంగా 0.1 ఓమ్ వంటి చిన్న నిరోధకాన్ని దారిలో పెట్టి, దానిపై వోల్టేజిని చూసి కరెంటును లెక్కకడతారు. 1 ఆంపియర్ పోతే అక్కడ 0.1 వోల్ట్ కనిపించాలి. అయితే దానికి కలిపిన 10 సెంటీమీటర్ల తీగకు కూడా సుమారు 100 నానోహెన్రీల ప్రేరకత్వం ఉంటుంది. సెకనులో పది కోట్లవ వంతులో కరెంటు 1 ఆంపియర్ మారితే ఆ తీగముక్కపైనే 10 వోల్టులు పుడతాయి. అంటే అసలు సంకేతం కంటే వంద రెట్లు పెద్దదైన తప్పుడు సంకేతం. దాని దిశ కూడా అటూ ఇటూ మారుతుంది కనుక, బ్యాటరీ ఖర్చు కావడానికి బదులు నిండుతున్నట్లు ఆసిలోస్కోప్ తెరపై కనిపించవచ్చు. తప్పు పరికరానిది కాదు, తీగలు కలిపిన తీరుది.

బ్యాటరీ చెప్పే అబద్ధం

రోజుల తరబడి దీపం వెలుగుతూనే ఉందన్నది ప్రదర్శనల్లో తరచూ చూపే మరో రుజువు. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీలో సుమారు 84 వాట్-గంటల శక్తి ఉంటుంది. అర వాట్ ఎల్ఈడీ దీపాన్ని అది దాదాపు 168 గంటలు, అంటే వారం రోజులు వెలిగించగలదు. వారం పాటు వెలిగిన దీపం బ్యాటరీలో శక్తి ఉందని చెబుతుందే తప్ప సర్క్యూట్ శక్తిని సృష్టించిందని చెప్పదు.

వోల్టేజి చూసి బ్యాటరీ నిండిందనుకోవడమూ పొరపాటే. వాడిన బ్యాటరీకి కాసేపు విశ్రాంతి ఇస్తే రసాయనిక కారణాల వల్ల దాని వోల్టేజి తనంతట తానే కొంత పైకి లేస్తుంది. దీన్నే 'తిరిగి చార్జి అయింది' అని చూపినవారు చాలామంది ఉన్నారు.

నీళ్లకు తెలిసిన లెక్క

ఇంత తికమక లేని కొలమానం ఒకటుంది. అది వేడి. తాకిడి ఎంత చిన్నదైనా, ఎంత వేగంగా వచ్చినా నిరోధకంలో చివరకు వేడిగానే మారుతుంది. 1 లీటరు నీటిని 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కించాలంటే సుమారు 4,186 జౌళ్లు కావాలి. 10 వాట్ల హీటరు ఆ పని చేయడానికి దాదాపు 7 నిమిషాలు పడుతుంది. వేడి బయటకు పోకుండా కప్పిన పాత్రలో నిరోధకాన్ని ముంచి, మొదట మామూలు నిలకడ కరెంటుతో ఒకసారి, తర్వాత వివాదాస్పద సర్క్యూట్‌తో ఒకసారి పరీక్షిస్తే రెండింటినీ సరిపోల్చవచ్చు. నిలకడ కరెంటుతో తెలిసిన ఫలితం రాకపోతే పరీక్షే తప్పని అర్థం. ఈ సరిపోల్చే పరీక్ష లేని ప్రదర్శనకు విలువ లేదు.

అంతకంటే సూటి పరీక్ష బ్యాటరీని తీసివేయడమే. 17 రెట్లు కాదు, రెండు రెట్లు వస్తున్నా చాలు. అందులో సగాన్ని మళ్లీ లోపలికి పంపి, మిగతా సగంతో దీపం వెలిగించవచ్చు. బ్యాటరీ స్థానంలో త్వరగా ఖాళీ అయ్యే కెపాసిటర్ పెట్టి దీపం ఆరిపోకుండా చూపితే వివాదమే ఉండదు.

న్యాయస్థానానికెక్కిన యంత్రం

అమెరికాలో ఈ వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. మిసిసిపీ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ న్యూమన్ పెద్ద తీగచుట్ట, అయస్కాంతం, బ్యాటరీలతో చేసిన యంత్రానికి పేటెంట్ కోరుతూ 1979లో దరఖాస్తు చేశారు. పేటెంట్ కార్యాలయం తిరస్కరించడంతో దావా వేశారు. యంత్రాన్ని సమర్థిస్తూ సాంకేతిక అనుభవం ఉన్నవారు ప్రమాణపత్రాలు ఇచ్చారు. న్యాయస్థానం నియమించిన ప్రత్యేకాధికారి సైతం సాక్ష్యాలు న్యూమన్ పక్షానే ఉన్నాయని నివేదించారు. విశేషమేమిటంటే ఆ అధికారి ఒకప్పటి పేటెంట్ కమిషనరే.

న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఆ నివేదికతో సరిపెట్టుకోలేదు. యంత్రాన్ని పరీక్షకు అప్పగించాలన్నారు. జాతీయ ప్రమాణాల సంస్థ 1986లో దాన్ని పరీక్షించి, అన్ని పరిస్థితుల్లోనూ బయటకు వచ్చిన శక్తి కంటే లోపలికి పోయిందే ఎక్కువని తేల్చింది. యంత్రాన్ని భూమికి కలిపి పరీక్షించడం వల్లే ఫలితం చెడిందని న్యూమన్ అభ్యంతరం చెప్పారు. 1989లో అప్పీలు న్యాయస్థానం కూడా పేటెంట్ నిరాకరణనే సమర్థించింది. చూసినవారు ఎందరన్నది కాదు, కొలిచిన తీరు ఏమిటన్నదే ఆ తీర్పును నడిపించింది.

ఐర్లాండ్‌లోని స్టియోర్న్ కంపెనీ కథ మరో పాఠం. 2006లో ఎకనామిస్ట్ పత్రికలో ప్రకటన ఇచ్చి తమ యంత్రాన్ని పరీక్షించాలని శాస్త్రవేత్తలకు సవాలు విసిరింది. 2007లో లండన్‌లో తలపెట్టిన ప్రదర్శన సాంకేతిక కారణాలంటూ రద్దయింది. ఆ కంపెనీయే ఎంపిక చేసిన 22 మంది నిపుణుల బృందం, శక్తి ఉత్పత్తి అవుతున్నట్లు కంపెనీ చూపలేకపోయిందని 2009 జూన్‌లో ఏకగ్రీవంగా ప్రకటించింది. అయినా పెట్టుబడులు ఆగలేదు. 2016లో కంపెనీ మూతపడే నాటికి వాటాదారులు పెట్టిన సొమ్ము రెండు కోట్ల యూరోలు దాటింది. శక్తి బిల్లు బ్యాటరీ కట్టింది, డబ్బు బిల్లు నమ్మినవారు కట్టారు.

మన ముంగిట్లో

మన ఊళ్లలో ఈ ఆశ చిన్న ప్లాస్టిక్ పెట్టె రూపంలో తిరుగుతుంది. ప్లగ్‌లో పెడితే కరెంటు బిల్లు మూడో వంతు, సగం తగ్గుతుందంటూ సంతల్లో, ఆన్‌లైన్‌లో అమ్మే 'పవర్ సేవర్' అదే. విప్పి చూస్తే సాధారణంగా ఒక కెపాసిటర్, ఒక చిన్న దీపం ఉంటాయి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఇందులో పొదుపు అంతే. కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసి తీగలోని కరెంటును కాస్త తగ్గించవచ్చు. అమ్మకందారు క్లాంప్ మీటరుతో చూపేది ఆ ఆంపియర్లనే. ఇంటి మీటరు లెక్కించేది మాత్రం నిజంగా ఖర్చయిన యూనిట్లను. కనుక బిల్లు తగ్గదు.

దీన్ని ఎవరైనా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరుపై యూనిట్‌కు ఎన్నిసార్లు దీపం మిణుకుతుందో రాసి ఉంటుంది. ఫ్రిజ్ వంటివి ఆపి, ఒక ఫ్యాను మాత్రమే తిప్పుతూ పది నిమిషాల్లో ఎన్ని మిణుకులో లెక్కపెట్టాలి. తర్వాత పెట్టెను పెట్టి మళ్లీ లెక్కపెట్టాలి. రెండు అంకెలూ ఒకటే అయితే పెట్టె విలువ తెలిసినట్లే.

స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన వాటిని 1970 నాటి భారత పేటెంట్ల చట్టం మూడో సెక్షన్ ఆవిష్కరణలుగా గుర్తించదు. అంతమాత్రాన కొత్తగా ఏదో కనిపెట్టానన్న గ్రామీణ యువకుడిని ఎగతాళి చేయనక్కర్లేదు. అతడిని మూడు ప్రశ్నలు అడిగితే చాలు. బ్యాటరీ తీసేస్తే నడుస్తుందా? తెలిసిన హీటరుతో సరిపోల్చి వేడిని కొలిచారా? సంబంధం లేని మరొకరు తమ పరికరాలతో కొలిచారా? మూడింటికీ అవునన్న జవాబు వచ్చేదాకా జేబులోంచి రూపాయి తీయకపోవడమే వివేకం.