ఉజ్జీవానికి తేదీ మనం పెట్టకూడదు

ప్రతి జనవరి 1న వాగ్దానపు కార్డు చేతికి రాగానే మనలో చాలామంది చేసే ప్రార్థన ఒకటే: "ప్రభువా, ఈ ఏడాదైనా మా ఇంట్లో, మా సంఘంలో ఉజ్జీవం పంపు." డిసెంబరు వచ్చేసరికి భర్త ఇంకా మందిరంలో అడుగు పెట్టలేదు, కొడుకు ఆదివారం క్రికెట్‌కి పోతూనే ఉన్నాడు, స్త్రీల కూడికకు వచ్చేది మళ్ళీ అదే ఏడుగురు. అప్పుడు ఎవరో ఒకరు అననే అంటారు, "నీ విశ్వాసం చాలడం లేదమ్మా" అని. ఆ మాటకు ఎంతమంది స్త్రీలు కృంగిపోతారో! నా అభిప్రాయంలో అది వాక్యానుసారమైన మాట కాదు. జవాబు ఆలస్యమైందంటే విశ్వాసం లేదని కాదు. మన తెలుగు నేలే దీనికి సాక్ష్యం.

ఒంగోలులో ప్రేయర్ మీటింగ్ హిల్ అని ఒక కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండెక్కి మోకరించారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్ గారు, ఆయన భార్య, మన తెలుగువాళ్ళు క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలే. ఫలితం లేదు కనుక ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో చర్చలు జరుగుతున్న రోజులవి. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వాళ్ళు దేవుణ్ణి అడిగారు.

పన్నెండేళ్ళు గడిచాక, 1866లో, జాన్ క్లౌ దంపతులు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. సభ్యులు ఎంతమందో తెలుసా? ఎనిమిది మంది! సరిగ్గా పదమూడేళ్ళ ప్రార్థనకు ఎనిమిది మంది. మనమైతే ఈపాటికి ప్రార్థన మానేసేవాళ్ళమేమో. కానీ దేవుడు ఊరుకోలేదు. తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ, ప్రార్థించినవాళ్ళు ఊహించని పల్లెలో, ఊహించని వాడలో విశ్వాసులయ్యారు. వాళ్ళ ద్వారా సువార్త మాదిగ పల్లెలన్నిటికీ పాకింది.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించారు. బాప్తిస్మం అడిగేవాళ్ళు గుంపులుగా వస్తున్నా పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారనే మాట రాకూడదనీ, నిజమైన విశ్వాసం నిలబడాలనీ ఆగారు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అందరూ ఆ 2,222 గురించే చెబుతారు. నాకు ఆ పదిహేను నెలలు ఇంకా విలువైనవి. ఆయన చేతిలో పని ఆగలేదు, అన్నం పెట్టడం ఆగలేదు. లెక్క పెంచుకోవాలనే తొందర మాత్రం ఆగింది. దేవుని సమయాన్ని నమ్మడమంటే ఇదే.

అక్కాచెల్లెళ్ళారా, ఇంట్లోవాళ్ళను ఏడ్చి, అలిగి, బలవంతపెట్టి మందిరానికి లాక్కెళ్ళకండి. మనల్ని సంతోషపెట్టడానికి నీళ్ళలో దిగినవాళ్ళు మన కోసమే వస్తారు, ప్రభువు కోసం కాదు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు. ఆయనకు వేళకు అన్నం పెట్టండి, పిల్లాడి మాట వినండి, పక్కింటి కష్టానికి వెళ్ళండి, రాత్రి పేరుపేరునా ప్రార్థించండి. మీ కూడికలో ఏడుగురే ఉంటే దిగులు వద్దు. ఆ రోజు కొండమీద ఉన్నది ఐదుగురే.